కొండ దిగని మనిషి

మంగాదేవి పీట వేసింది. కంచం పెట్టింది, చెంబుతో నీళ్లు పెట్టింది. అన్నం మాత్రం వడ్డించలేదు.

రామలింగం కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆదివారం పొద్దున్నే గనికి బయల్దేరే బట్టలు తొడుక్కుని ఉన్నాడు. ఎంత కడిగినా పోని ఇనుపరాతి ఎరుపు గోళ్లలో, మెడ మడతల్లో అలాగే ఉంది. ఖాళీ కంచం వంక చూశాడు గాని పెళ్లాం వంక చూడలేదు.

"అన్నం పెట్టు పిల్లా," అంది రామసుబ్బమ్మ, గోడవారన కూర్చుని పుట్టగొడుగుల మట్టి కడుగుతూ. "ఏమున్నా తిన్నంక మాట్లాడుకోవచ్చు."

"తిన్నంక మీ కొడుకు మాట్లాడడు అత్తమ్మా. టోపీ తీసుకుని కొండెక్కుతడు. రెండేండ్ల సంది చూస్తలేనా?"

"ఏందే ఇప్పుడు?" అన్నాడు రామలింగం.

"నిన్న యూనియన్ మీటింగుల ఏమన్నరు మీరు?"

ఆయన చెంబు ఎత్తి నీళ్లు తాగాడు. అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తాగాడు.

"నల్లా దగ్గర అందరి ముందర సుశీలమ్మ వదిన అడిగింది. నువ్వేమో ఇల్లిల్లూ తిరిగి ఆడోళ్లను కూడగడితివి, మగోళ్లు పొద్దుండంగ ఇండ్లకు రావాలె అంటివి, మీ ఆయనేమో లేచి నిలబడి ఆ చట్టం వద్దన్నడంట గదా మంగా అన్నది. బిందె నిండకముందే ఎత్తుకొచ్చిన. తల ఎక్కడ పెట్టుకోవాలె నేను?"

ఆ చట్టం ఇంకా చట్టం కాలేదు. ఢిల్లీలో బిల్లు పెడతారని చెప్పుకుంటున్నారు, అంతే. వారానికి నలభై ఎనిమిది గంటల పనిని నలభైకి దించుతారట. ఆపైన చేసిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలట, అదీ ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద చేసే అడివి పల్లెల కూలీలతో సహా. అంత కూలి ఇవ్వలేక ఓటీలు, అంటే షిఫ్టు దాటాక చేయించే అదనపు పని, ఆపేస్తారని, మగవాళ్లు వేళకి ఇల్లు చేరతారని ఆశ. ఆ కబురు గని కాలనీలోకి వచ్చినప్పటి నుంచి మంగాదేవి మనిషి మారిపోయింది. కోంటలో అంగడి పెట్టుకున్న కోమట్ల ఇంట పుట్టి, నలుగురిలో గొంతెత్తి ఎరగని మనిషి, పక్కింటి ముంగిట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడింది.

"అవును, వద్దన్న," అన్నాడు రామలింగం. "నాకు పని కావాలె. చేసేటోణ్ణి చెయ్యనియ్యాలె."

"అంత పని ఎవరి కోసం?"

ఆ మాట నేల మీద పడింది. రామసుబ్బమ్మ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

ఎవరి కోసమో చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. హైమ పోయి రెండు వానకాలాలు. ఏడేళ్ల పిల్ల. జ్వరం తలకెక్కి ఒక్క పగటిలో పోయింది. ఆ రోజు రామలింగం ఓటీలో ఉన్నాడు. కబురు కొండ మీదికి చేరి, ఆయన లారీ పట్టుకుని కిందికి దిగేసరికి అంతా అయిపోయింది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని, కాలనీ అంతా చూస్తుండగా, మంగాదేవి పెళ్లయ్యాక మొదటిసారి మొగుణ్ణి 'నువ్వు' అంది. "నీ ఓటీ నా బిడ్డను మింగింది," అంది.

మళ్లీ ఆ మాట ఆమె ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. కాకపోతే ఆ తర్వాత ఒక్క ఓటీ కూడా వదిలిపెట్టలేదు. తెల్లవారకముందే వెళ్లి, ఊరు సద్దుమణిగాక వచ్చేవాడు. ఎంత రాతి గుండె అయితే అదే పనిని మళ్లీ పట్టుకుని వేలాడతాడు అనుకుని మంగాదేవి లోపల్లోపల కుమిలిపోయేది.

రామలింగం పీట మీది నుంచి లేచాడు. మేకుకున్న టోపీ తీసుకున్నాడు.

"తినిపో నాయినా!" అంది రామసుబ్బమ్మ.

"ఆకలైతలేదమ్మా."

సైకిలు చప్పుడు వీధి మలుపు తిరిగింది. అన్నం గిన్నె మూత మూసినట్టే ఉంది.

*

సాయంత్రం యూనియన్ సెక్రటరీ భూషణం వచ్చాడు. సుశీలమ్మ భర్త, విజయనగరం వైపు మనిషి. వెంట సుశీలమ్మ, ఆమె వెనక ఠేకా కూలీ కోస. కోస లోపలికి రానని గడప బయటే ఆగిపోయాడు.

"లోపలికి రా కోసా," అంది మంగాదేవి.

"కాళ్లకు మన్నుంది అక్కా."

"ఈ ఇంట్ల మన్ను లేంది ఏముంది? రా."

భూషణం కుర్చీ అంచున కూర్చున్నాడు. "చెల్లెమ్మా, నీతో దెబ్బలాడ్డానికి రాలేదు. రామలింగం మాటకి కొండ మీద విలువుంది. వాడు వద్దంటే సగం మంది తలలూపేసినారు. మావోళ్లే అంటన్నారు, పర్మనెంటు వాళ్లకే అక్కర్లేని చట్టం ఠేకా వాళ్లకెందుకని. ఏటి చెప్పమంటావు నన్ను?"

"మా ఠేకేదారు నవ్విండు అక్కా," అన్నాడు కోస మెల్లగా. "మీ పెద్దమనిషే వద్దంటుండు, మీకేంది అన్నడు."

"నీకు ఆయన మీద కోపం రాలేదా?"

కోస తల అడ్డంగా ఊపాడు. "అన్న మంచోడు. నాకు పని నేర్పింది అన్ననే. కాని అక్కా, నేను చీకట్ల పోత, చీకట్ల వస్త. మా ఊరు నడిచిపోవాలె గదా. మొన్న వానకు పని ఆగి పగటేళ ఇంటికి పోయిన. నా బిడ్డ నన్ను చూసి లోపలికి ఉరికి, 'అమ్మా, ఎవరో చుట్టమొచ్చిండు' అన్నది. మా ఇంటిది గంగే నవ్వింది. నేను గూడ నవ్విన. తర్వాత గంగే ఏడ్చింది."

రామసుబ్బమ్మ పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"బుధవారం ఎవరూ ఓటీ చెయ్యకూడదని తీర్మానం చేసినాం," అన్నాడు భూషణం. "అందరూ ఫస్టు షిఫ్టు దిగి ఇళ్లకి వచ్చేయాలి. మేము ఒక్క మాట మీద ఉన్నామని పైవాళ్లకి తెలియాలి కదా. శనివారం మళ్లీ మీటింగు, చేతులెత్తి చెప్పాలి. ఈలోగా వాడితో మాట్లాడు. ఎందుకు వద్దంటన్నాడో మాకు చెప్పటం లేదు, నీకైనా చెప్తాడేమో."

"నాకా?" అంది మంగాదేవి.

ఆ ఒక్క మాటతో సుశీలమ్మకు అంతా అర్థమైంది. దగ్గరికి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

*

బుధవారం మధ్యాహ్నం లారీలు ఒకదాని వెనక ఒకటి కొండ దిగాయి.

కాలనీకి పండగ వచ్చినట్టుంది. ఒకడు అరుగు మీద సైకిలు చైను విప్పి పెట్టాడు, ఇంకొకడు గొంతెత్తి పాడుతూ స్నానం చేస్తున్నాడు. వీధి పొడుగునా చేపల పులుసు వాసన. మగవాళ్లు ఇళ్లలో ఉంటే వీధికి ఇంత చప్పుడు వస్తుందని మంగాదేవి మరచిపోయింది.

రామలింగం కూడా వచ్చాడు. రాక తప్పలేదు, ఆ రోజు ఓటీకి ఎవరినీ రానివ్వలేదు. వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు. తువ్వాలు ఎక్కడుందని అడిగాడు. ఇచ్చింది. మంచినీళ్ల కుండ ఎటు మార్చారని అడిగాడు. చూపించింది. తన ఇంటికే చుట్టపుచూపుగా వచ్చినట్టు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

వాన వెలిసింది. కాలనీ చివర బడి గంట కొట్టారు.

మంగాదేవి అంట్ల ముందు నుంచి లేచింది. చేతులు తుడుచుకుంది. మొగుడు చూస్తున్నాడన్న ధ్యాస కూడా లేకుండా ముంగిలి దాటి, కంచె తలుపు తీసి, రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

పిల్లలు గుంపులు గుంపులుగా వస్తున్నారు. నీటిగుంటల్లో దూకుతున్నారు, ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చిమ్ముకుంటున్నారు. వాళ్లలో సోమి ఉంది. హైమ పక్కన కూర్చుని చదువుకున్న పిల్ల. జాన పొడుగు పెరిగింది, రెండు జడలు వేసుకుంది. మంగాదేవిని చూసి చెయ్యి ఊపి, "పెద్దమ్మా!" అని అరిచి, పరుగెత్తుకుంటూ పోయింది.

ఆఖరి గుంపు మలుపు తిరిగేదాకా మంగాదేవి నిలబడింది. వెనక్కి తిరిగితే రామలింగం మెట్టు మీద ఉన్నాడు.

"రోజూ ఇట్లనే నిలబడతవా?"

"రోజూ."

"రెండేండ్ల సందా?"

"బడి ఉన్న దినాలల్ల. లేని దినం గూడ ఒక్కోసారి."

"ఎందుకే మంగా?"

"ఎందుకో తెలిస్తే మానేద్దును."

ఆయన మెట్టు మీదే కూలబడ్డాడు.

"పైన క్రషరు నడుస్తుంటే పక్కోని మాట గూడ వినపడదు. ఈ ఏళకు నేను ఆడ ఉండాలె. ఆ రొదల ఉండాలె. కింద ఉంటే ఈ గంట వినపడతది, ఈ పోరగాండ్ల చప్పుడు వినపడతది. అందుకే దిగను. పైసల కోసం అని నువ్వు అనుకుంటున్నవని నాకెరుకే. అనుకోనీ అనుకున్న."

మంగాదేవి చేతికి కంచె తలుపు కర్ర దొరికింది. పట్టుకుంది.

"మీకు వినపడొద్దని కొండెక్కుతున్నరు. మరి నాకు వినపడదా?"

ఆయన తల ఎత్తలేదు.

"నేను ఆ చట్టం ఎందుకు కావాలన్ననో ఒక్కనాడన్న అడిగిన్రా? మీరు సుఖపడాలని కాదు. నేను సుఖపడాలనీ కాదు. ఈ ఏళకు నా పక్కన ఇంకొక మనిషి నిలబడతడని. ఏమీ మాట్లాడకున్నా సరే. ఊరికే నిలబడితే చాలని."

రామలింగం లేచాడు. ఆమె దగ్గరికి వస్తాడనుకుంది. రెండడుగులు వేశాడు కూడా. వీధిలో వెనకబడిన పిల్ల ఎవరో "ఆగండే!" అని కీచుగా అరుస్తూ పరుగెత్తింది. ఆ గొంతు వినగానే ఆయన గిరుక్కున తిరిగి పెరట్లోకి వెళ్లిపోయాడు. గోడకు నుదురు ఆనించి నిలబడ్డ కొడుకు వీపును రామసుబ్బమ్మ చంటిపిల్లాణ్ణి నిమిరినట్టు నిమురుతూ ఉండడం మంగాదేవి కిటికీలోంచి చూసింది.

తను వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు అంతుపట్టలేదు.

*

శనివారం మీటింగుకు ఆడవాళ్లు కూడా వెళ్లారు. లోపల చోటు లేక కిటికీల దగ్గర నిలబడ్డారు.

భూషణం అడగకముందే రామలింగం లేచాడు.

"పోయినసారి నేను అన్న మాట తప్పు," అన్నాడు. "అది నా ఒక్కని బాధ. నా బాధను అడ్డంపెట్టి కోస బిడ్డకు నాయినను లేకుండ చేసుడు అన్యాయం. ఇంటికి పోతే ఉరికొచ్చే బిడ్డలున్నోళ్లు పొద్దుండంగ ఇండ్లకు పోవాలె. చట్టం రావాలె." అని చెయ్యి ఎత్తాడు.

ఆ చెయ్యి వెనక గది నిండా చేతులు లేచాయి. వెనక వరసలో కోస రెండు చేతులూ ఎత్తాడు. సుశీలమ్మ మంగాదేవిని గట్టిగా వాటేసుకుంది.

మంగాదేవి ఇంటికి నడిచి రాలేదు, పరుగెత్తుకొచ్చింది. పొయ్యి రాజేసింది. గంగే తెచ్చిచ్చిన వెదురు కొమ్ములు తరిగి కూర చేసింది, చింతచిగురు పప్పులో ఎండుమిరపకాయలు తుంచి తాళింపు పెట్టింది. ఆ ఘాటుకు రామసుబ్బమ్మ దగ్గి, "ఎన్నాళ్లయిందే ఈ ఇంట్ల ఇట్ల తాళింపు వాసనొచ్చి!" అని నవ్వింది.

రామలింగం పొద్దుండగానే వచ్చాడు. ఈసారి మంగాదేవి అడక్కుండానే వడ్డించింది. ఆయన వేసినదల్లా తిన్నాడు. పప్పు మారు అడిగాడు. మజ్జిగ పోసుకుని, కంచం అడుగుదాకా తిని, అప్పుడు చెప్పాడు.

"సర్వే క్యాంపుకు పోతానని చెప్పిన ఆఫీసుల. తర్రెం అవతల అడివిల. సోమవారం జీపు."

గరిటె మంగాదేవి చేతిలోనే ఉంది.

"చెయ్యెత్తిన్రు గదా?"

"ఎత్తిన. వాళ్ల కోసం ఎత్తిన. రేపు ఆ చట్టమే వస్తే నేను దినాం ఈ ఏళకు ఇంట్ల ఉండాలె. బుధవారం చూస్తివి గదా. నాతోని కాదు మంగా."

"ఎన్నాళ్లు?"

"చెప్పలేదు వాళ్లు. నేను అడగలేదు."

"నేనన్న మాటకేనా?" ఆమె గరిటె కింద పెట్టింది. "ఆనాడు అన్న మాటకేనా? అది కడుపుకోతల అన్న మాట. వెనక్కి తీసుకుంట. మీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంట."

"ఆ మాటకు కాదే." ఆయన చెయ్యి కంచంలోనే ఎండిపోతోంది. "ఆ మాట నువ్వన్నప్పుడు నాకు ఊపిరాడింది. ఎవరో ఒకరు అన్నరు గదా అనిపించింది. ఇంకా అంటవని చూసిన. తిడతవని, కొడతవని చూసిన. నువ్వు మళ్ల నోరు తెరవలేదు. అన్నం పెట్టినవు, బట్టలుతికినవు, 'మీరు' అన్నవు. ఆ మౌనం కింద నేను ఉండలేకపోయిన."

"నేను నోరు తెరిస్తే మీరు చచ్చిపోతరని భయపడిన!"

"అట్లనా?" అన్నాడు రామలింగం, నిజంగా ఆశ్చర్యపోయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండేళ్లుగా ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకరికొకరు భయపడి బతికారని అప్పుడు తెలిసింది. తెలిసి చేసేదేముంది? ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. క్యాంపు మాట వెనక్కి తీసుకోలేదు.

*

సోమవారం పొద్దున జీపు వచ్చేసరికి వసారాలో ఒకటికి రెండు మూటలున్నాయి.

"ఈ రెండోది ఎవరిది అత్తమ్మా?"

"నాది," అంది రామసుబ్బమ్మ, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ. "నేను గూడ పోతున్న. క్యాంపుల ఉండనియ్యరంట. ఉసూరు ఊళ్లె ఎవరింట్లనన్న ఒక అర్ర తీసుకుని ఉంట. వారానికొక్కపారి వచ్చి నా చేతి కూడు తింటడు."

"నన్నొక్కదాన్నే ఇడిచిపెట్టి పోతరా?"

ముసలామె దగ్గరికి వచ్చి కోడలి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీ మీద కోపం లేదు తల్లీ. నువ్వు నాకు కోడలివి కాదు, కూతురివి. కాని నీ బిడ్డ కోసం నువ్వు దినాం కంచె కాడ నిలబడితివే, నా బిడ్డ కోసం నేను నిలబడొద్దా? వాడు ఒక్కడే అడివిల ఉంటే ఏ పొద్దు ఏం చేసుకుంటడో. నువ్వు గట్టిదానివి. వాడు కాడు."

మంగాదేవి వంగి ఆ రెండో మూట ముడి బిగించింది. తల్లి మాటకు తల్లి ఏం జవాబు చెబుతుంది?

రామలింగం మూటలు జీపులో పెట్టాడు. తల్లిని చెయ్యి పట్టి ఎక్కించాడు. తను ఎక్కబోతూ ఆగి వెనక్కి చూశాడు. పెదవులు కదిలాయి. ఇంజను చప్పుడులో ఏమన్నాడో వినిపించలేదు. మంగాదేవి మళ్లీ చెప్పమని అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయం.

జీపు పోయింది. ఎర్రమట్టి బురదలో చక్రాల జాడలు మిగిలాయి.

ఆమె ఇంకా రోడ్డు మీదే ఉండగా సుశీలమ్మ ఎదురుగా పరుగుపరుగున వచ్చింది. జీపును ఆమె చూడలేదు. ముఖం వెలిగిపోతోంది.

"మంగా! నీకోసవే వస్తన్నాను. ఢిల్లీ నుంచి ఆ బిల్లు మనుషులు జగదల్‌పూర్ వస్తన్నారంట. ఆడవాళ్ల మాట కూడా వింటారంట. మీ అన్నయ్య నీ పేరు చెప్పేశారు. నువ్వే మాట్లాడాలి. మగవాళ్లు వేళకి ఇంటికొస్తే ఇల్లు ఎలాగుంటాదో నీలాగ చెప్పేవాళ్లు మన కాలనీలో ఇంకెవరున్నారు? రేపే బస్సు. వస్తావు కదూ?"

మంగాదేవి బురదలో చక్రాల జాడల వంక చూసింది.

"వస్త వదినా," అంది. "గంగే కోసం చెప్తా, నీ కోసం చెప్తా. అన్నీ చెప్తా. కాని ఆ ఢిల్లీ వాళ్లు నన్ను ఎదురు అడిగితే? మీ ఆయన ఏ ఏళకు ఇంటికొస్తడమ్మా అని అడిగితే ఏం చెప్పమంటవు?"

సుశీలమ్మ అప్పుడు చూసింది, తెరిచి ఉన్న తలుపునూ, ఆ వెనక ఖాళీగా ఉన్న ఇంటినీ.